ఎక్స్ఆర్‌డీ టెస్టింగ్ ల్యాబ్: డేటా తీసుకోండి, రిపోర్ట్ మానేయండి

శ్రీకాకుళంలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఆఖరి సెమిస్టర్‌కి వచ్చిన అందరికీ ఒకటే టెన్షన్. ప్రాజెక్ట్ పౌడర్ తయారైంది, ఇప్పుడు ఎక్స్ఆర్‌డీ ఎక్కడ తీయించాలి? అంటే పౌడర్ మీదకి ఎక్స్-రేలు పంపి, అవి ఏయే కోణాల్లో వంగి వస్తాయో గ్రాఫ్ తీసి, లోపలి స్ఫటిక నిర్మాణం తేల్చే పరీక్ష. మా డిపార్ట్‌మెంట్‌లో మఫిల్ ఫర్నేస్ ఉంది, యూవీ స్పెక్ట్రోమీటర్ ఉంది, ఎక్స్-రే డిఫ్రాక్టోమీటర్ లేదు. అది కొనడం చిన్న డిపార్ట్‌మెంట్ వల్ల అయ్యే పని కాదు. అందుకని ఏళ్ళ తరబడి మా సీనియర్లు విశాఖలో ఒక ప్రైవేట్ టెస్టింగ్ ల్యాబ్‌కి శాంపిల్స్ పంపుతున్నారు. ఈ ఏడాది నేనూ పంపాను. ల్యాబ్ పేరు రాయడం లేదు. మా కాలేజీ వాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళు ఎక్కడికి పంపినా ఈ సంగతులే పనికొస్తాయి.

ముందే తేల్చేస్తాను. మిషను మంచిది. దాని దగ్గర కూర్చునే ఆపరేటర్ గారు ఇంకా మంచివారు. కానీ పైన డబ్బు కట్టించుకుని, గ్రాఫ్‌కి అర్థం రాసి ఇచ్చే 'ఇంటర్‌ప్రిటేషన్ రిపోర్ట్' శుద్ధ దండగ. దండగే కాదు, ప్రాజెక్ట్‌ని ముంచేసే సరుకు.

నేను పంపింది కోబాల్ట్ ఫెర్రైట్. కోబాల్టు, ఇనుము, ఆక్సిజన్ కలిసిన నల్లటి అయస్కాంత ఆక్సైడ్, స్పైనెల్ అనే ఘనాకార స్ఫటిక నిర్మాణం. ఫంక్షనల్ మెటీరియల్స్ పేపర్‌లో నిర్మాణానికీ గుణానికీ సంబంధం చెప్పమని అడిగితే అందరూ రాసే ఉదాహరణ ఇదే. ఇనుప అయాన్లలో సగం నాలుగు ఆక్సిజన్ల మధ్య గూళ్ళలో, మిగతా సగం కోబాల్టుతో కలిసి ఆరు ఆక్సిజన్ల మధ్య గూళ్ళలో కూర్చుంటాయి. ఈ రెండు రకాల గూళ్ళలోని అయస్కాంతత్వం ఎదురెదురుగా ఉంటుంది, ఇనుముది ఇనుముతో చెల్లిపోతుంది, కోబాల్టుది మిగులుతుంది. 1930లో టోక్యోలో కాటో, టకేయి తయారుచేసిన తొలి ఫెర్రైట్ అయస్కాంతంలో ఉన్నవి కూడా ఇనుము, కోబాల్టు ఆక్సైడ్లే. ఆ ఫెర్రైట్ పరిశోధనని సరుకుగా మార్చడానికే 1935లో టీడీకే కంపెనీ పుట్టింది. అవును, క్యాసెట్ల టీడీకేనే. మా నాన్న బీరువాలో ఇప్పటికీ ఉన్నాయి, పారేయనివ్వరు.

తయారీ సోల్-జెల్ పద్ధతి. కోబాల్ట్ నైట్రేట్ 2.91 గ్రాములు, ఫెర్రిక్ నైట్రేట్ 8.08 గ్రాములు, సిట్రిక్ యాసిడ్ 6.30 గ్రాములు. నీళ్ళలో కరిగించి, అమ్మోనియా చుక్కలు వేస్తూ పీహెచ్ 7కి తెచ్చి, 80 డిగ్రీల దగ్గర కలుపుతూ ఉంటే నీరు ఇగిరి చిక్కటి జెల్ అవుతుంది. అక్కణ్ణుంచి వేడి పెంచితే జెల్ ఉబ్బుతుంది, ఒక మూల నిప్పు రవ్వ పుడుతుంది. పెద్ద మంట ఏమీ రాదు. ఎర్రటి గీత ఒకటి జెల్‌ని తినుకుంటూ బీకరంతా పాకుతుంది, దాని వెనక నల్లటి పొంగు మిగులుతుంది. గోధుమరంగు నైట్రోజన్ ఆక్సైడ్ పొగ వస్తుంది కాబట్టి ఇదంతా ఫ్యూమ్ హుడ్‌లోనే చెయ్యాలి. ఆ పొంగు చూస్తే ఎంతో వచ్చిందనిపిస్తుంది. లెక్క ప్రకారం రావలసింది 2.35 గ్రాములే. దాన్ని 600 డిగ్రీల దగ్గర కాల్చి, అగేట్ మోర్టార్‌లో నూరితే శాంపిల్ రెడీ.

మన వైపు వాళ్ళకి ఒక మాట. ఇక్కడి సముద్రపు గాలికి ఫెర్రిక్ నైట్రేట్ తేమ పీల్చేసి సీసాలోనే ముద్దవుతుంది. ఆ తడి ముద్దని తూచి వేస్తే ఇనుము తక్కువ పడుతుంది, లెక్క అక్కడే తప్పుతుంది. మా ల్యాబ్ అటెండర్ బాబాయి కొత్త సీసా వచ్చీ రాగానే డెసికేటర్‌లో పెట్టి తాళం వేస్తారు. అడిగితే విసుక్కుంటారు గానీ, ఆయన చేసేది సరైన పని.

ఇక ల్యాబ్ సంగతి. వాళ్ళకి శ్రీకాకుళంలో కలెక్షన్ సెంటర్ లేదు. మనమే పార్సిల్ చెయ్యాలి. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో కార్గో కౌంటర్‌కి వెళితే విశాఖ సుమారు వంద కిలోమీటర్లే కదా, పొద్దున్న ఇస్తే సాయంత్రానికి చేరిపోతుంది. నేను మూత బిగిసే చిన్న ప్లాస్టిక్ వయల్‌లో పోసి, పేరూ నంబరూ రాసి, బట్టర్ పేపర్ చుట్టి తీసుకెళ్ళాను. కౌంటర్‌లో ఉన్నాయన దాన్ని దీపం వైపు ఎత్తి చూశారు.

"ఏటమ్మా ఇది? మందుగుండు కాదు కదా?"

"కాదండి, ఇనుప ఆక్సైడ్. కాలేజీ ప్రాజెక్ట్."

నమ్మలేదు. బ్యాగులో చిన్న అయస్కాంతం ఉంటే వయల్ పక్కన ఆనించాను. అడుగున ఉన్న నల్లటి పొడి గోడ పట్టుకుని పైకి లేచింది, ముళ్ళు ముళ్ళుగా నిలబడింది. అయస్కాంతాన్ని జరిపితే దానితో పాటే జరిగింది. ఆయన వయల్ లాక్కుని తనే రెండుసార్లు చేసి చూసుకున్నారు, పక్క కౌంటరాయన్ని కూడా పిలిచారు. తరువాత రసీదు మీద 'ఇనప పొడి' అని రాసి స్టాంపు కొట్టారు. వెనక క్యూలో ఉన్నవాళ్ళు మాత్రం నన్ను కాస్త అనుమానంగానే చూశారు.

ల్యాబ్ ఫారంలో మొదటి లోపం ఉంది. శాంపిల్ పేరు, గైడ్ పేరు, జీఎస్టీ వివరాలు అన్నీ అడుగుతుంది. శాంపిల్‌లో ఏ మూలకాలున్నాయో అడగదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. చాలా మిషన్లలో ఉండేది రాగి ట్యూబ్. దాని ఎక్స్-రే శక్తి 8.05 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. ఇనుములోంచి లోపలి ఎలక్ట్రాన్‌ని పీకెయ్యడానికి 7.11 చాలు, కోబాల్టుకి 7.71. అంటే మన ఫెర్రైట్ ఎక్స్-రేలని బుద్ధిగా వంచి పంపడమే కాకుండా, తనే సొంతంగా ఎక్స్-రేలు కక్కుతుంది. దీన్నే ఫ్లోరొసెన్స్ అంటారు. దాంతో గ్రాఫ్ అడుగు మట్టం మొత్తం పైకి లేస్తుంది. పెద్ద పీకులు, అంటే గ్రాఫ్‌లో శిఖరాలు, ఎలాగో కనబడతాయి, చిన్నవి మాత్రం సంతలో గుసగుసల్లా కలిసిపోతాయి. అశుద్ధి ఉందో లేదో చెప్పేవి ఆ చిన్న పీకులే.

నాకు మొదట వచ్చిన గ్రాఫ్ సరిగ్గా అలాగే ఉంది. నేను ఫిర్యాదు చేద్దామని ఫోన్ తీసేలోపే ఆపరేటర్ గారే చేశారు. "అమ్మా, మీ శాంపిల్‌లో ఇనుముందా? బ్యాక్‌గ్రౌండ్ చూస్తే నాకు నచ్చలేదు, మళ్ళీ పెడతాను" అన్నారు. కోబాల్టు కూడా ఉంది సార్ అంటే నవ్వారు. తమ దగ్గర కోబాల్ట్ ట్యూబ్ లేదనీ, అది ఉంటే 6.93 శక్తితోనే వస్తుంది కాబట్టి ఇనుము ఉలకదు పలకదు అనీ, అప్పుడు 35.4 డిగ్రీల కోణం దగ్గర రావలసిన మన పెద్ద పీక్ 41.4 దగ్గరికి జరుగుతుందనీ ఓపికగా చెప్పారు. ఉన్న మిషన్‌లోనే డిటెక్టర్ రాగి ఎక్స్-రేల శక్తిని మాత్రమే లెక్కపెట్టేలా దాని కిటికీ ఇరుకు చేసి, స్కాన్ నెమ్మది చేసి మళ్ళీ తీశారు. అదనంగా ఒక్క రూపాయి అడగలేదు. రెండో గ్రాఫ్‌లో అడుగు మట్టం దిగింది, పీకులు 30.1, 35.4, 43.1, 53.5, 57.0, 62.6 దగ్గర వరసగా నిలబడ్డాయి. క్లాసులో అంత శ్రద్ధగా ఎవరైనా చెప్పారా అని అనుకున్నాను. చెప్పే ఉంటారు, అప్పుడు నా చేతిలో నా పౌడర్ లేదు.

అర గ్రాము చాలని ఫారం మీద రాశారు. చాలదు. పౌడర్ తక్కువైతే హోల్డర్ గాజు కనబడి 20 నుంచి 30 డిగ్రీల మధ్య ఒక మూపురం వస్తుంది. దాన్ని చూసి 'మన శాంపిల్ అమార్ఫస్', అంటే స్ఫటికమే కాదు, అని రాసేసిన సీనియర్లు ఉన్నారు. గ్రాము పైనే పంపండి. లేకపోతే సిలికాన్‌తో చేసిన జీరో బ్యాక్‌గ్రౌండ్ హోల్డర్ వాడమని ఫారం మీద పెద్ద అక్షరాలతో రాయండి.

ధర సంగతి త్వరగా చెప్పేస్తాను. స్కాన్‌కి వందల్లోనే, పైన 18 శాతం జీఎస్టీ. విద్యార్థి ఐడీ చూపిస్తే కాస్త తగ్గిస్తారు. సమయం వారం అన్నారు, రెండు వారాలకి దగ్గర పడింది. ప్రాజెక్ట్ సీజన్‌లో అది మామూలే.

ఇప్పుడు అసలు గొడవ, రిపోర్ట్. స్కాన్ ధరకి రెండింతలు కడితే 'ఫేజ్ ఐడెంటిఫికేషన్, క్రిస్టలైట్ సైజ్, లాటిస్ పారామీటర్, చర్చ' అన్నీ రాసి ఇస్తారట. నేను తీసుకోలేదు. నా క్లాస్‌మేట్ తీసుకుంది. తనది చీపురుపల్లి దగ్గర, మాంగనీసు గనుల ప్రాంతం. మా ఊరి ఖనిజంతోనే ప్రాజెక్ట్ చేస్తానని ముచ్చటపడి మాంగనీస్ ఫెర్రైట్ ఎంచుకుంది. గాలిలో 600 దగ్గర కాల్చి పంపింది. పదకొండు పేజీల రిపోర్ట్ వచ్చింది, రంగుల్లో, లోగోతో. 'పీకులు పదునుగా ఉన్నాయి, శాంపిల్ స్వచ్ఛమైన సింగిల్ ఫేజ్ క్యూబిక్ స్పైనెల్' అని ఉంది. అంటే వేరే పదార్థం ఏదీ కలవలేదని.

హాస్టల్ గదిలో ఇద్దరం కూర్చుని ఆ గ్రాఫ్ చూస్తుంటే నాకు 33.2 దగ్గర ఒక పీక్ తగిలింది. స్పైనెల్‌కి అక్కడ పీక్ ఉండదు. అది హెమటైట్, అంటే మామూలు ఎర్ర ఇనుప ఆక్సైడ్‌కి అన్నిటికన్నా పెద్ద పీక్. సరే, ఒక్కటే కదా అని వెతికితే 24.1, 49.5, 54.1 కూడా ఉన్నాయి. కుటుంబం కుటుంబమంతా దిగిపోయింది. రిపోర్ట్ రాసినవాళ్ళు వీటిలో ఒక్కదానికీ పేరు పెట్టలేదు. పైగా 35.6 దగ్గరున్న పీక్‌ని 311 (స్పైనెల్ పెద్ద పీక్‌కి గుర్తు) అని రాసుకుని, దాన్నుంచి లాటిస్ పారామీటర్, అంటే స్ఫటికంలో మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న గడి పొడవు, 8.36 ఆంగ్‌స్ట్రామ్‌లు అని లెక్కగట్టారు. మాంగనీస్ ఫెర్రైట్‌కి ఉండవలసింది 8.50 దగ్గర. దాని 311 రావలసింది 35.0 దగ్గర. 35.6 అనేది హెమటైట్ రెండో పెద్ద పీక్. రిపోర్ట్‌లో ఈ తేడాకి 'నానో పరిమాణం వల్ల లాటిస్ కుదించుకుపోయింది' అని ఒక వివరణ కూడా ఉంది! లాటిస్ ఏమీ కుదించుకుపోలేదు. వాళ్ళు కొలిచింది వేరే పదార్థాన్ని.

కారణం పుస్తకంలోనే ఉంది. మాంగనీస్ ఫెర్రైట్‌ని గాలిలో ఆ వేడిలో కాలిస్తే రెండు చార్జీల మాంగనీసు ఆక్సిజన్ తీసుకుని మూడుకి పోతుంది, స్పైనెల్ విడిపోయి హెమటైట్, మాంగనీస్ ఆక్సైడ్ బయటపడతాయి. నైట్రోజన్‌లో కాల్చాలి, లేదా వేడి బాగా తగ్గించాలి. కోబాల్టుకి ఆ బాధ లేదు. నా శాంపిల్ బాగా రావడంలో నా గొప్పేమీ లేదు, మూలకం అలాంటిది.

ఇంకో ముచ్చట. ఆ రిపోర్ట్ చర్చ భాగంలో ఒక వాక్యం మధ్యలో 'జింక్ ఆక్సైడ్' అని ఉంది. తన శాంపిల్‌లో జింకు లేదు. ముందు ఎవరికో రాసిన పేరా తీసి ఇక్కడ అతికించి, అన్ని చోట్లా పేరు మార్చి, ఒక చోట మర్చిపోయారు. సీనియర్ అక్క దగ్గర రెండేళ్ళ కిందటి రిపోర్ట్ ఉంటే తెచ్చి పక్కన పెట్టాం. పేరా అదే, కామాలు కూడా అవే.

ఫోన్ చేసి అడిగితే రిపోర్ట్ సెక్షన్ వేరట, ఆపరేటర్ గారికి సంబంధం లేదట. ఆ సెక్షన్‌లో ఒకరు "మేడం, యూనివర్సిటీకి ఇది చాలు, అందరూ ఇదే పెడతారు" అన్నారు. డబ్బు వెనక్కి ఇవ్వలేదు. నాకు కోపం వచ్చింది ఆ మాటకే. అందరూ ఇదే పెడితే ఎమ్మెస్సీ ఎందుకు మరి?

నా క్లాస్‌మేట్ మాత్రం ఏడుస్తూ కూర్చోలేదు. రిపోర్ట్ పక్కన పడేసి, ప్రాజెక్ట్ శీర్షికనే 'గాలిలో మాంగనీస్ ఫెర్రైట్ విడిపోవడం' అని మార్చి, 400, 500, 600 డిగ్రీల దగ్గర కాల్చిన శాంపిల్స్ మళ్ళీ పంపింది, ఈసారి ఉత్త స్కాన్లే. వైవాలో ఎక్స్‌టర్నల్ గారు వేలు పెట్టి చూపించింది ఆ 33.2నే. తను చెప్పిన జవాబుకి ఆయన రెండో ప్రశ్న వెయ్యలేదు. కొన్న రిపోర్ట్ పెట్టి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

కాబట్టి మీరు అడగవలసింది డేటా ఫైల్. అడక్కపోతే పీడీఎఫ్‌లో గ్రాఫ్ బొమ్మ పంపి ఊరుకుంటారు. బొమ్మతో ఏ లెక్కా చెయ్యలేరు. రెండు వరసల అంకెలుండే ఎక్స్-వై ఫైల్ అడగండి, మిషన్ సొంత ఫైల్ కూడా అడగండి, అడిగితే ఇస్తారు, ఉచితమే. దాంతోపాటు వాళ్ళ సిలికాన్ లేదా లాంథనమ్ హెక్సాబోరైడ్ స్టాండర్డ్ స్కాన్ కూడా అడగండి. ఎందుకో చెప్తాను.

స్ఫటికం ఎంత చిన్నదైతే పీక్ అంత వెడల్పవుతుందని 1918లో షెర్రర్ చెప్పాడు. 0.9ని తరంగదైర్ఘ్యంతో గుణించి, పీక్ సగం ఎత్తు దగ్గరి వెడల్పు, కొసైన్ థీటాల (థీటా అంటే పీక్ కోణంలో సగం) లబ్ధంతో భాగించాలి. నా 311 పీక్ వెడల్పు 0.20 డిగ్రీలు. నేరుగా వేస్తే 42 నానోమీటర్లు వస్తుంది. కానీ ఆ వెడల్పులో మిషన్ వాటా కూడా ఉంటుంది. స్టాండర్డ్ స్కాన్‌లో అది 0.10 డిగ్రీలు. వర్గాల తేడా తీసి దాని వర్గమూలం వేస్తే 0.173, అప్పుడు సైజు 48 నానోమీటర్లు. అది కూడా స్ఫటికం సైజే గానీ రేణువు సైజు కాదు, ఒక్కో రేణువులో పది స్ఫటికాలు అతుక్కుని ఉండొచ్చు. రేణువు చూడాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కావాలి. మా బ్యాచ్‌లో ఒకబ్బాయి డిగ్రీలని రేడియన్లలోకి మార్చకుండా లెక్కవేసి 0.73 నానోమీటర్లు అని స్లైడ్ మీద పెట్టాడు. స్ఫటికంలోని చిన్న గడి, యూనిట్ సెల్లే 0.84 నానోమీటర్లు. గది కన్నా ఇల్లు చిన్నదన్నమాట. గైడ్ గారు నవ్వాపుకోలేక స్లైడ్ మార్చమన్నారు.

ఇవన్నీ చెయ్యడానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. క్రిస్టలోగ్రఫీ ఓపెన్ డేటాబేస్‌లో పదార్థాల నిర్మాణ ఫైళ్ళు ఉచితంగా దొరుకుతాయి. వెస్టా అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే స్పైనెల్‌ని తిప్పి తిప్పి చూసుకోవచ్చు, నాలుగు ఆక్సిజన్ల గూడు ఎక్కడ, ఆరింటి గూడు ఎక్కడ అన్నది అప్పుడు బుర్రకెక్కుతుంది. పీకులు పోల్చడానికీ, లెక్కగట్టిన గ్రాఫ్‌ని మన గ్రాఫ్ మొత్తానికి సరిపెట్టే రీట్‌వెల్డ్ పద్ధతిలో ఫిట్ చెయ్యడానికీ ప్రొఫెక్స్ అనే సాఫ్ట్‌వేర్ చాలు. ఫుల్‌ప్రాఫ్ అనేది ఇంకా శక్తిమంతమైనదే గానీ మొదటిసారి తెరిస్తే భయపెడుతుంది. హాస్టల్ వైఫైతో, పాత ల్యాప్‌టాప్‌లోనే నాకు అన్నీ నడిచాయి.

ప్రైవేట్ ల్యాబే కావాలని లేదు. 2020 జనవరిలో మొదలైన ఐ-స్టెమ్ పోర్టల్‌లో దేశంలోని ప్రభుత్వ సంస్థల పరికరాలు వెతికి స్లాట్ బుక్ చేసుకోవచ్చు. మీ గైడ్ గారి చేత రిజిస్టర్ చేయించుకుని, ముందు సెమిస్టర్‌లోనే మొదలుపెట్టండి. ఆఖరి నెలలో అయితే ఈ ప్రైవేట్ ల్యాబే దిక్కు, అందులో సందేహం లేదు.

నా మార్కులు: స్కాన్‌కి ఐదుకి నాలుగున్నర, ఆ అర కోసింది ఫారంకి. ఆపరేటర్ గారికి ఐదుకి ఐదు. రిపోర్ట్‌కి సున్నా ఇవ్వడానికి వీల్లేదంటే ఒకటి.

పంపేవాళ్ళకి ఇంకో రెండు సంగతులు. శాంపిల్ వెనక్కి కావాలంటే ఫారం వెనక రాసి, తిరుగు పార్సిల్ డబ్బు ముందే కట్టాలి, లేకపోతే నెల తరువాత పారేస్తారు. వాళ్ళకి ఫోన్ మధ్యాహ్నం భోజనాల తరువాతే చెయ్యండి, ఆపరేటర్ గారు పొద్దుటి పూట మిషన్ గదిలో ఉంటే ఎత్తరు. రిసెప్షన్‌లో ఎవరైనా "ప్యాకేజీ తీసుకుంటారా మేడం" అంటే వద్దని చెప్పి లైన్ లోపలికి కలపమనండి.